బల్లమీది రైలుబండి: నమూనా రైళ్ళ అభిరుచికి తొలి అడుగులు

చీరాల స్టేషనులో ఆగకుండ దూసుకొనిపోవు ఎక్స్‌ప్రెస్సు కడపటి పెట్టె కనుమరుగగువరకు చూపు మరల్పనివారు, సరకుబండి వచ్చినచో దాని పెట్టెలు లెక్కింపక ఉండలేనివారు, గేటు పడినప్పుడు తక్కినవారందరు విసుగుకొనుచుండగా తాము మాత్రము లోలోపల సంతోషించువారు ఈ ప్రాంతమున చాలమంది కలరు. మీరును ఆ కోవకు చెందినవారేనా? అయినచో ఈ అధ్యాయము మీకొరకే. 1899లో బెజవాడనుండి మదరాసునకు బ్రాడ్‌గేజి దారి కలిసిన నాటినుండి ఈ తీరమున పుట్టిన ప్రతి తరమును రైలుకూత వినుచునే పెరిగినది. అయినను ఆ రైలును ఒక కొలత ప్రకారము కుదించి ఇంటిలో బల్లమీద నడుపవచ్చుననియు, అది పసివారి ఆటవస్తువు మాత్రమే కాక వడ్రంగము, విద్యుత్తు, చిత్రలేఖనము, చరిత్ర కలిసిన సంపూర్ణమైన అభిరుచి యనియు ఎరిగినవారు మనలో తక్కువ.

“అది దొరలకు చెల్లును గాని మనకెక్కడిది?” అని మీరనవచ్చును. జర్మనీలోని మార్క్లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాలతో సహా రైలుసెట్టును ప్రదర్శించిన మాటయు, ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో తన పేరిట రైళ్ళు విక్రయింప నారంభించిన మాటయు నిజమే. కాని మన దేశమునందే, పుణే నగరములో, బి. ఎస్. జోషి గారి దీర్ఘకాల పరిశ్రమ 1998లో నమూనా రైళ్ళ ప్రదర్శనశాలయై ప్రజలకు తెరువబడినది. చీరాలలో బండి ఎక్కినచో చేరగల చెన్నైలో, ఐ.సి.ఎఫ్. (రైలుపెట్టెల కర్మాగారము) రైలు మ్యూజియమునందు, నమూనాలను కన్నులార చూడవచ్చును. కావున ఇది పరాయి వారి విద్య కాదు. మనము ఆలస్యముగ మొదలుపెట్టిన విద్య మాత్రమే.

మరి మిమ్ము ఆపుచున్నది ఏమి? ధనమా? చోటా? లేక, “ఈ వయసులో ఇదేం పిచ్చండీ?” అని ఇంటివారు నవ్వుదురను సంకోచమా? వీనిలో ఏదియు అసలు శత్రువు కాదు. ఈ అభిరుచి ధనలోపముచేత కంటె తొలికోరిక పరిమాణముచేతనే ఎక్కువగ నశించుచున్నది. ఒక వస్త్రవ్యాపారి మేడమీద ఎనిమిదడుగుల బల్ల వేయించి, రెండు లైన్లు, ఆరు పాయింట్లు (దారి చీలు చోట్లు), ఒక కొండ, ఒక సొరంగము గీసి, సామగ్రి అంతయు ఒకేసారి తెప్పించినాడనుకొందము. మొదటి నెల బల్ల కొరకే చెల్లిపోవును, రెండవ నెల తీగల చిక్కులో కూరుకొనును, సంక్రాంతికి వచ్చిన చుట్టములు “బావా, రైలేదీ?” అని అడిగినపుడు చూపుటకు ప్లైవుడ్డు తప్ప మరేమియు ఉండదు. ఆపై బల్లమీద చీరల మూటలు చేరును. అతనికి లేనిది డబ్బు కాదు, నడుచుచున్న ఒక్క బండి. అందువలన ఈ అధ్యాయమంతటికిని మూలసూత్రము ఇది: చిన్నదైనను సరే, మొదటి నెలలోనే మీ యింట రైలు తిరుగవలెను. తక్కినవన్నియు దాని చుట్టు పెరుగును.

1. ముందుగ స్కేలు నిర్ణయించుకొనుడు

నిజమైన రైలును ఎన్నవ వంతునకు కుదించుచున్నామో అదియే స్కేలు. ప్రపంచమున అధికముగ వాడుకలో నున్నది హెచ్.ఓ.; అందు సమస్తమును 87వ వంతు, పట్టాల నడుమ దూరము 16.5 మిల్లీమీటర్లు. దానికంటె చిన్నది ఎన్ స్కేలు. అందు సాధారణముగ 160వ వంతు, పట్టాల నడుమ 9 మిల్లీమీటర్లు. బ్రిటిషు కంపెనీల ఓ.ఓ. బండ్లు 76వ వంతుగ ఉన్నను హెచ్.ఓ. పట్టాలమీదనే నడచును.

ఈ అంకెలు మీ గదిలో ఏమగునో చూతము. నేటి ఎల్.హెచ్.బి. పెట్టె పొడవు సుమారు 23.5 మీటర్లు, హెచ్.ఓ.లో అది 27 సెంటీమీటర్లు, ఎన్‌లో 15 సెంటీమీటర్లకు కొంచెము తక్కువ. ఇరువదిరెండు పెట్టెల ఎక్స్‌ప్రెస్సును ఉన్నదున్నట్లు హెచ్.ఓ.లో నిలుపవలెనన్నచో ఇంజను కాక ఆరు మీటర్ల ప్లాట్‌ఫారము వలయును. ఏ యింట అది సాధ్యము? నిజమైన దారిలోని ఒక్క కిలోమీటరే హెచ్.ఓ.లో పదకొండున్నర మీటర్లగును. కావున ప్రతి నమూనాకారుడును కొంత కత్తిరించును. రెండు మూడు పెట్టెలతో పూర్ణమైన రైలను భావము కలిగించుటయే ఈ కళలోని నేర్పు.

చేతివ్రేళ్ళతో పట్టి చూచుకొనవలెనని కోరువారికి, కంటిచూపు కొంత తగ్గినవారికి హెచ్.ఓ. మేలు; చోటు తక్కువై, పొడవైన బండ్లపై మక్కువ కలవారికి ఎన్ మేలు. ఒక సూక్ష్మమును మాత్రము ముందే ఎరుగుడు: మన బ్రాడ్‌గేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు, హెచ్.ఓ. పట్టాలు సూచించునది 1435 మిల్లీమీటర్ల విదేశీ గేజిని. లెక్కప్రకారము మనకు 19 మిల్లీమీటర్లకు పైగా నుండవలెను. ఆ లోపమును పట్టించుకొనక 16.5తో సరిపెట్టుకొనుటయే ఆరంభకునికి శ్రేయము. దొరకని పట్టాలను వెదకుచు కూర్చున్నవాడు బండి నడుపడు.

2. బల్లకంటె ముందు చేతిని కొలుచుకొనుడు

హెచ్.ఓ.లో ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బల్లమీద అండాకారపు దారి చక్కగ ఇముడును. ఎన్‌లో నాలుగడుగులు, రెండున్నర అడుగులు చాలును. పండ్రెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్డు, దాని క్రింద అడ్డకర్రల చట్రము ఉన్నచో బల్ల వంగదు. మన ఎండలకు, సముద్రపు తేమకు చట్రము లేని పలుచని చెక్క ఒక్క వేసవిలోనే మెలికపడును. చెదలు పట్టకుండ కాళ్ళకు, అడుగుభాగమునకు మందు పూయించుడు.

ఇక సాధారణముగ జరుగు పొరపాటు: నాలుగడుగుల బల్లను గోడమూలకు నెట్టి, ఆవలి అంచున స్టేషను కట్టుట. మనిషి చేయి సుఖముగ అందునది రెండున్నర అడుగులే. పట్టా తప్పిన పెట్టెను ఎత్తుటకు ప్రతిసారియు బల్లమీదికి వంగి, ముంజేతితో స్తంభములను పడగొట్టుకొనువాడు ఎన్ని దినములు ఆడును? బల్లకు చక్రములు వేయించి, ఆడునపుడు ముందుకు లాగునట్లు చేసికొనుడు. “ఏవండీ, ఊడ్చేదెట్టా?” అను గృహిణి ప్రశ్నకు కూడ ఆ చక్రములే సమాధానము.

3. మొదట సెట్టు కొనుడు, విడిభాగములు కాదు

ఇంజను, రెండు మూడు పెట్టెలు, అండాకారమునకు చాలినన్ని పట్టాలు, నడుపు కంట్రోలరు ఒక్క అట్టపెట్టెలో వచ్చు ఆరంభపు సెట్టు ఒకటి చాలును. మన డబ్ల్యూ.ఏ.పి.-7 ఇంజనే కావలెను, మన రంగు పెట్టెలే కావలెను అని పట్టుపట్టకుడు; భారతీయ నమూనాలు అరుదుగ, చిన్న మొత్తములలో మాత్రమే తయారగుచుండును. విదేశపు ఇంజనుతో నడుపుట నేర్చుకొనుడు. తరువాత రంగులు మార్చుట, పైతొడుగు మార్చుట అభిరుచిలో తామే భాగములగును.

ఇచ్చట మన యిండ్లలో తరచుగ ఎదురగు ఒక సందర్భమును హెచ్చరికగ చెప్పవలసియున్నది. డాలసులోనో న్యూజెర్సీలోనో నున్న కుమారుడు సెలవులకు వచ్చుచు, తండ్రి ముచ్చట తీర్చుటకై ఒక చక్కని సెట్టు తెచ్చును. పెట్టె తెరచినంతనే అందరును చుట్టుచేరుదురు, ఎవరో ప్లగ్గు కన్వర్టరు తెచ్చి తగిలింతురు, స్విచ్చి వేయుదురు, చిటుక్కుమను చప్పుడు, కాలిన వాసన, అంతటితో ఉత్సవము సమాప్తము. కారణము స్పష్టము: అమెరికా విద్యుత్తు 120 వోల్టులు, జపానుది 100, మనది 230. ప్లగ్గు కన్వర్టరు సూదుల ఆకారమును మార్చునే గాని వోల్టులను మార్చదు. అడాప్టరు వెనుక సన్నని అక్షరములలో “100–240” అని ఉన్నదా, లేదా? ఉన్నచో నిర్భయముగ తగిలింపుడు. లేనిచో అదే వోల్టేజి, అదే ఆంపియరు ఇచ్చు అడాప్టరును ఇక్కడ కొని వాడుడు. పట్టాలలో ప్రవహించునది సాధారణముగ 12 వోల్టుల డి.సి. మాత్రమే గనుక ముట్టినను పిల్లలకు ప్రమాదము లేదు. ప్రమాదమంతయు గోడ సాకెట్టునకు, అడాప్టరునకు నడుమనే.

4. పట్టాలను అతికింపకుండ కొంతకాలము నడుపుడు

పడుగు సరిగ సాగనిదే మగ్గము ఆడదని చీరాలవారికి ఒకరు చెప్పనక్కరలేదు. పట్టా విషయమును అంతియే. మొదట మేకులు, జిగురు లేకుండ దారిని పరచి, కొన్ని వారములు బండి నడిపి, లోపములన్నియు బయటపడిన తరువాతనే స్థిరపరచుడు.

“తాతయ్యా, ఎప్పుడూ ఇక్కడే పడిపోతోందేంది?” అని మనుమడు అడిగినాడనుకొనుడు. ఇంజనును నిందింపక, పట్టాల అతుకుమీద గోరును మెల్లగ జరుపుడు. గోరు తట్టుకొన్న చోట చక్రము కూడ తట్టుకొనును. రెండు పట్టాలను కలుపు చిన్న లోహపు జాయినరులోనికి ఒక పట్టా దూరక, దానిమీదికి ఎక్కియుండును; ఆరంభములో బండ్లు పడుటకు ఇది మిక్కిలి సాధారణమైన కారణము. విడదీసి, జాయినరును సన్నని ప్లయరుతో కొంచెము నొక్కి, మరల కూర్చినచో సరి.

వంపుల విషయమునను జాగ్రత్త వలయును. హెచ్.ఓ., ఓ.ఓ. సెట్లలో కనబడు ఒక సాధారణపు వంపునకు వ్యాసార్ధము 438 మిల్లీమీటర్లు. దానిమీద పొడవైన పెట్టెలు తిరుగునపుడు నడుము లోపలికి, కొనలు వెలుపలికి చొచ్చుకొనివచ్చును గనుక, ప్లాట్‌ఫారమును, స్తంభములను వంపునకు దగ్గరగ పెట్టరాదు. ఆరడుగుల బల్లమీద రెండు వంపులును, అంచులయొద్ద విడుచు ఖాళీయు పోగా మిగులు తిన్నని దారి సుమారు 85 సెంటీమీటర్లు మాత్రమే. స్టేషనులో ఇంజను, రెండు పొడవైన పెట్టెలు నిలుచును. అది తెలిసికొని బండి కూర్పుడు. మొదటి సంవత్సరము పాయింటు ఒక్కటి చాలును. దానితో ఒక పక్కదారి ఏర్పడి సరకుపెట్టె నిలుపుటకు తావు దొరకును.

5. విద్యుత్తును చూచి భయపడకుడు, తొందరయు పడకుడు

డి.సి. పద్ధతిలో ఒక పట్టా ధనము, రెండవది ఋణము. ధనఋణములను తారుమారు చేసినచో బండి దిక్కు మారును. ఇంతకుమించిన సిద్ధాంతము ప్రస్తుతమున అక్కరలేదు. రెండు పొరపాట్లు మాత్రము గుర్తుంచుకొనుడు.

మొదటిది, బల్లకు ఒక చివర మాత్రమే తీగలు కలుపుట. దారి పొడవైనకొలది అతుకులలో విద్యుత్తు క్షీణించి, బండి ఆవలి వైపున నెమ్మదించును. నాలుగైదడుగుల కొకచోట తీగలు సోల్డరు చేసినచో ఈ చిక్కు తీరును. రెండవది, దారిని మెలిత్రిప్పి మరల దానిలోనికే కలిపి, బండి వెనుదిరిగి వచ్చునట్లు గీయుట. కాగితముమీద అది సుందరము. కాని అట్టి లూపులో ధనపట్టా పోయి ఋణపట్టాను తాకి షార్టగును. దానిని ఖాళీలతో, స్విచ్చులతో విడదీయు ఉపాయములు కలవు. అవి తరువాతి పాఠములు. అనేక బండ్లను ఒకే దారిమీద వేరువేరుగ నడిపించు డి.సి.సి. అను డిజిటల్ పద్ధతియును అట్టిదే. రెండవ ఇంజను కొన్ననాడు దానిని గురించి ఆలోచింపుడు.

6. మీ ఊరినే కట్టుడు

బల్లమీద స్విట్జర్లండు మంచుకొండలు కట్టిన మనవారు కొందరు కలరు. కట్టరాదని నియమము లేదు; కాని ప్రతిదినము చూచుచున్న దానిని వదలి, ఎన్నడును చూడని దానిని ఏల కట్టవలెను? తప్పు ఎచ్చటనున్నదో మీ కన్ను చెప్పగలుగునది మీ ఊరి విషయముననే. స్టూవర్టుపురము, చీరాల, వేటపాలెము, చినగంజాము: ఈ వరుసలో ఏ ఒక్క స్టేషను తీసికొన్నను బల్లకు చాలినంత సంపద కలదు. పసుపుపచ్చని బోర్డుమీద మూడు భాషలలో నల్లని పేరు, సరుగుడు తోపులు, తాటిచెట్లు, కల్లములో ఎఱ్ఱగ ఆరబోసిన మిరప, ప్రత్తి బోరెములు, పొగాకు బ్యారనులు, నేతగాండ్ర పెంకుటిండ్లు: ఇవి చూచినంతనే ఏ తెలుగువాడైనను చోటును గుర్తించును.

కొలతలు మాత్రము తప్పరాదు. ఐదున్నర అడుగుల మనిషి హెచ్.ఓ.లో 19 మిల్లీమీటర్లు. అరువదడుగుల తాడిచెట్టు 21 సెంటీమీటర్లు. తాడిచెట్టును నాలుగంగుళములతో సరిపెట్టినచో అది ఈతచెట్టుగ కనబడును. దారిలోని కంకర సుమారు 65 మిల్లీమీటర్ల లోపుది గనుక నమూనాలో ఒక మిల్లీమీటరునకు తక్కువగ ఉండవలెను. జల్లించిన ఇసుక సరిగ ఆ పరిమాణమే. ఐతే వాడరేవు సముద్రతీరపు ఇసుకను తెచ్చి అట్లే చల్లకుడు. అందలి ఉప్పు గాలిలోని తేమను పీల్చి లోహమును తినివేయును. మంచినీటితో పలుమారులు కడిగి, ఎండబెట్టి, టీ వడపోయు జల్లెడతో జల్లించి, పట్టాల నడుమ పరచి, నీటిలో కలిపిన ఫెవికాలును చుక్కచుక్కగ పోయుడు. ఆ నీటిలో గిన్నెలు తోము సబ్బుద్రవము ఒక్క బొట్టు చేర్చినచో జిగురు ఇసుకలోనికి ఇంకును. చేర్చనిచో పైననే ముత్యములవలె నిలిచిపోవును.

ఇండ్లకు కొండపల్లి బొమ్మలు చేయు తెల్లపొణికి కర్ర మిక్కిలి అనుకూలము. అది తేలికయై కత్తికి సులభముగ లొంగును. ఆ శిల్పులు రంపపుపొట్టు, చింతగింజల పిండి కలిపి చేయు మక్కుతో మిట్టలు, చెరువుగట్లు తీర్పవచ్చును. అట్టపెట్టెల పైపొర తీసివేయగా కనబడు గాళ్ళు రేకుల కప్పుగ పనికివచ్చును. మగ్గముల దగ్గర పారవైచు పసుపుపచ్చని నూలుముక్కలను సన్నగ కత్తిరించినచో ఎండుగడ్డి యగును. ఎఱ్ఱని కల్లమునకు నిజమైన కారమే చల్లుదమా? వలదు, పురుగు పట్టును, పిల్లల కన్నులలో పడును. మెత్తగ నూరిన ఇటుకపొడికి ఎఱ్ఱరంగు కలిపి వాడుడు.

స్టేషనును పరిశీలించునపుడు ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొని, ప్లాట్‌ఫారముమీదనే నిలిచి చూడుడు. ఫోటోలు తీయదలచినచో స్టేషను మాస్టరు గారిని ముందుగ అడుగుడు. కొలతల కొరకు పట్టాలమీదికి దిగరాదు. అనుమతి లేక దిగుట 1989 నాటి రైల్వే చట్టము 147వ సెక్షను ప్రకారము నేరము, అంతకుమించి ప్రాణాపాయము.

7. దుమ్ము, తేమ, నూగు: ఈ మూటిని జయింపుడు

“నిన్న నడిచిన బండి నేడేల నడువదు?” ప్రశ్నించునది మీరైనచో, మొదట పట్టాలను తుడువుడు. తెల్లని గుడ్డకు కొంచెము ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్ది రుద్దినంతనే గుడ్డ నల్లబడును. విద్యుత్తును అడ్డుచున్నది ఆ నలుపే. ఇసుకకాగితముతో రుద్దకుడు, అది చేయు గీతలలో మురికి మరింత నిలుచును. సముద్రతీరమున ఉక్కు పట్టాలు తుప్పుపట్టును గనుక, కొనునపుడే నికెల్ సిల్వరు పట్టాలు అడుగుడు.

చీరాలకు ప్రత్యేకమైన శత్రువు నూలునూగు. మగ్గమున్న యింట, ప్రత్తి మిల్లు సమీపమున, గాలిలో తేలు నూగు పట్టాలమీద వాలి, చక్రముల ఇరుసులకు చుట్టుకొని, క్రమముగ పండ్లచక్రములలోనికి దూరును. ఇంజనును బోర్లించి భూతద్దముతో చూచినచో ఇరుసుకు ఉంగరమువలె చుట్టుకొన్న పోగు కనబడును. సన్నని పట్టకారుతో కొన పట్టి, చక్రమును వెనుకకు త్రిప్పుచు లాగుడు, కత్తితో కోయకుడు. ఆడనప్పుడు బల్లపై పాతచీర కప్పక ప్లాస్టిక్కు పట్ట కప్పుడు. నూనె విషయమున పొదుపే నియమము: ప్లాస్టిక్కునకు హాని చేయని పలుచని నూనెను సూదిమొనతో అంటించినంత చాలును. కొబ్బరినూనె గడ్డకట్టి జిగురగును, దానిని దరిచేరనీయకుడు.

8. ఊరక తిప్పకుడు, బండిని నడుపుడు

అండాకారమున బండి గుండ్రముగ తిరుగుచుండగా చూచు ఆనందము కొలదికాలమే నిలుచును. విసుగు పుట్టకముందే దానికి పని కల్పింపుడు. చీరాలలో మీరు చూచునదేమి? సరకుబండిని పక్కదారిలో నిలిపి, వెనుక వచ్చు ఎక్స్‌ప్రెస్సునకు త్రోవ ఇత్తురు గదా! అదే మీ బల్లమీద చేయుడు. ఇంజనుతో ఒక పెట్టెను పక్కదారిలో విడిచి, ఒంటిగ ఒక చుట్టు తిరిగివచ్చి, మరల దానిని తగిలించుకొని బయలుదేరుటకు ఎంత నేర్పు వలయునో చేసి చూడుడు. ఒక కాగితముమీద చిన్న టైంటేబులు వ్రాసి, మనుమరాలిని స్టేషను మాస్టరును చేసి, ఆమె పచ్చజెండా ఊపనిదే బండి కదలరాదని నియమము పెట్టుడు. ఇంటివారి పరిహాసము ఆ సాయంత్రముతో అంతమగును.

తొలి నెల పనులు

మొదటి వారము గదిని, చేతిని కొలిచి, స్కేలు నిర్ణయింపుడు. రెండవ వారము వడ్రంగికి బల్ల చెప్పుడు; చెక్క కోయించునపుడు దగ్గర నిలుచుండుడు. మూడవ వారము సెట్టు తెచ్చి, అడాప్టరు అంకెలు చదివి, అండాకారపు దారి పరచి, బండి నడుపుడు. నాలుగవ వారము తెల్లపొణికితోనో అట్టతోనో ఒక ప్లాట్‌ఫారము చేసి, దానిపై మీ ఊరి పేరు పసుపు బోర్డుమీద వ్రాసి నిలుపుడు. కొండలు, సొరంగములు, రెండవ లైను, డిజిటల్ కంట్రోలు—ఇవేవియు ఈ నెలలోనివి కావు.

హాంబుర్గులో 2001లో ప్రారంభమైన మినియటూర్ వుండర్‌లాండు నేడు ప్రపంచమందలి మిక్కిలి పెద్ద నమూనా రైలుదారిగ ప్రఖ్యాతిగాంచినది. అదియు క్రమక్రమముగ, భాగము వెంట భాగముగ పెరిగినదే. మీరు దానితో పోటీపడనక్కరలేదు. ఈ ఆదివారమే టేపు తీసికొని ఇంటిలో ఆరడుగుల నాలుగడుగుల చోటు ఎచ్చట కలదో కొలువుడు. అది లేనిచో నాలుగడుగుల రెండున్నర అడుగుల చోటు వెదకుడు. దొరకిన కొలతను కాగితముమీద వ్రాసి, సోమవారము వడ్రంగి చేతికిండు.